పిల్లల థెరపీ కేంద్రానికి విరాళం: సొసైటీకా, ట్రస్టుకా, కంపెనీకా, పెద్ద సంస్థ శాఖకా?

సంక్రాంతికి ఊరు వచ్చినవారికి భీమవరంలోనైనా, అమలాపురంలోనైనా, రాజమహేంద్రవరంలోనైనా అందే విజ్ఞాపనల్లో గుడి జీర్ణోద్ధరణ, బడికి అదనపు గదులతో పాటు ఇప్పుడు పిల్లల థెరపీ కేంద్రాలవి కూడా ఉంటున్నాయి. సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, మేధో వైకల్యం, మాట ఆలస్యం వంటి ఇబ్బందులున్న పిల్లలకు ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులు చేసుకోవడం నేర్పేది), ప్రత్యేక విద్య ఉచితంగానో నామమాత్రపు రుసుముకో అందించే సంస్థలు ఇవి. ఏడాదికి పదివేలు ఇచ్చేవారైనా, ఒకేసారి పది లక్షలు ఇచ్చేవారైనా సాధారణంగా అడిగే ప్రశ్న ఒక్కటే: "మేమిచ్చే దాంట్లో పిల్లలకు చేరేది ఎంత?" ప్రశ్న న్యాయమైనదే గానీ, థెరపీ సంస్థల దగ్గర దానికి వచ్చే జవాబు తరచు తప్పుదారి పట్టిస్తుంది. దాని బదులు ఏం చూడాలో ముందు చెప్పి, డెల్టా జిల్లాల్లో దాతకు ఎదురయ్యే నాలుగు రకాల సంస్థలను ఆ కొలమానాలతో పోల్చి చూద్దాం.

ఆ నాలుగు రకాలు ఇవి: తల్లిదండ్రులు కలిసి పెట్టుకున్న సొసైటీ, ఒక కుటుంబం తమ పెద్దల పేరిట నడిపే ట్రస్టు, థెరపిస్టులో డాక్టర్లో స్థాపించిన లాభాపేక్ష లేని సెక్షన్ 8 కంపెనీ, వేరే నగరంలో ప్రధాన కార్యాలయం ఉండి ఇక్కడ శాఖ నడిపే పెద్ద స్వచ్ఛంద సంస్థ. సమగ్ర శిక్ష అనే విద్యా పథకం కింద ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో నడిచే భవిత కేంద్రాలు ప్రభుత్వానివి కనుక ఈ పోలికలోకి రావు. అయితే మీరు చూస్తున్న సంస్థ దగ్గర్లోని భవిత కేంద్రంతో కలిసి పనిచేస్తోందా, లేక అక్కడికి వెళ్తున్న పిల్లలనే తన జాబితాలోనూ చూపుతోందా అని అడిగి తెలుసుకోవడం మంచిది.

ఒక చిన్న వివరణ. ఆదాయపు పన్ను చట్టం 2025 అనే కొత్త చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి రావడంతో సెక్షన్ల అంకెలు మారాయి. ఆడిటర్ల దగ్గరా, రశీదుల మీదా ఇంకా నలుగుతున్న పాత పేర్లనే, అంటే 80జి (దాతకు పన్ను తగ్గింపు), 12ఎబి (సంస్థకు పన్ను మినహాయింపు రిజిస్ట్రేషన్), 10బిఇ (దాతకు సంస్థ ఇచ్చే విరాళం సర్టిఫికెట్) వంటివాటినే, ఇక్కడ వాడుతున్నాను.

ఏం చూడాలి, ఏ వరుసలో చూడాలి

నా దృష్టిలో మొదటి కొలమానం డబ్బుకు సంబంధించినది కానే కాదు. వ్యవస్థాపకుడు ఒక నిర్ణయం తీసుకుంటే, అది కుదరదని చెప్పగలిగిన మనిషి పాలకవర్గంలో ఉన్నాడా అన్నది. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి ఒకే ఇంటివారైతే ఆడిట్ నివేదిక ఎంత చక్కగా ఉన్నా ఆ సంస్థకు పాలన లేదనే అనుకోవాలి. కార్యవర్గ సభ్యుల జాబితా అడగండి. వారిలో వ్యవస్థాపకుడికి బంధువులు, ఉద్యోగులు, అద్దెకిచ్చినవారు, సరుకు సరఫరా చేసేవారు కానివారు సగం మందైనా ఉన్నారేమో చూడండి. ఏడాదిలో ఎన్నిసార్లు కూర్చున్నారో తీర్మానాల పుస్తకం చెబుతుంది. అన్ని తీర్మానాలూ ఒకే చేతిరాతతో, ఒకే సిరాతో, ఒకే రోజు రాసినట్టుంటే అది కూడా ఆ పుస్తకమే చెబుతుంది. గత రెండేళ్లలో ఏదైనా ప్రతిపాదనను కార్యవర్గం తిప్పికొట్టిందా, మార్చిందా అని అడిగితే, బాగా నడిచే సంస్థవారు కాసేపు ఆలోచించి ఒక ఉదాహరణ చెబుతారు. అలా చెప్పలేనివారు "మాలో అభిప్రాయభేదాలే రావండీ" అంటారు.

రెండోది, థెరపిస్టుల జీతాలు ఆగకుండా సాగే ఏర్పాటు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పసివాడికి వ్యాయామం కొన్ని నెలలు ఆగితే కండరాలు, కీళ్లు బిగుసుకుపోయి, అంతకుముందు సాధించినది చేజారిపోవచ్చు. మాట నేర్చుకుంటున్న పిల్లకు అలవాటైన థెరపిస్టు వెళ్లిపోతే కొత్తవారితో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. కాబట్టి ఈ తరహా సంస్థలో అన్నిటికన్నా పెద్ద ఆర్థిక ప్రమాదం మధ్యలో డబ్బు అయిపోవడం.

మూడోది, సంస్థ నుంచి వ్యవస్థాపకుడి కుటుంబానికి వెళ్లే ప్రతి రూపాయి: అద్దె, జీతం, అప్పు, కారు, కొనుగోళ్లు. ఇవి ఉండటం నేరం కాదు. న్యాయమైన ధరకు మించి ఉంటేనే పన్ను చట్టం ఒప్పుకోదు. దాత చూడవలసింది వాటిని బయటపెట్టారా, ధర ఎవరు నిర్ణయించారు అన్న రెండు విషయాలు.

నాలుగోది రిజిస్ట్రేషన్లు. వికలాంగుల హక్కుల చట్టం 2016 ప్రకారం వికలాంగుల కోసం సంస్థ నడపాలంటే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ తప్పనిసరి. స్పీచ్ థెరపిస్టులు, ప్రత్యేక ఉపాధ్యాయులు, క్లినికల్ సైకాలజిస్టులు భారత పునరావాస మండలి రిజిస్టరులో ఉండాలి. ప్రతి ఒక్కరికీ ఒక నంబరు ఉంటుంది కనుక అడిగి సరిచూసుకోవచ్చు. ఫిజియోథెరపిస్టులు, ఆక్యుపేషనల్ థెరపిస్టులు ఆ మండలి కిందికి రారు, వారి విషయంలో డిగ్రీ సర్టిఫికెట్ చూడాలి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాల కోసం 1999 చట్టంతో ఏర్పడిన నేషనల్ ట్రస్టు దగ్గర నమోదైన సంస్థ అయితే, పిల్లలకు లక్ష రూపాయల వరకు వర్తించే నిరామయ ఆరోగ్య బీమా చేయించడంలో తోడ్పడుతోందా అని కూడా అడగండి. ఇక స్వచ్ఛంద సంస్థలు నమోదు చేసుకునే నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్ నంబరును కొందరు ప్రభుత్వ గుర్తింపుగా కరపత్రంలో పెద్ద అక్షరాలతో వేస్తారు. ఆ వివరాలు సంస్థ స్వయంగా నింపుకున్నవే, అది నాణ్యతకు ముద్ర కాదు.

ఐదోది పిల్లల భద్రత. మాట రాని పిల్లలతో పెద్దవారు గదిలో ఒంటరిగా గడిపే చోట ఇది పాలనలో భాగమే. థెరపీ గది తలుపుకు అద్దం ఉందా, తల్లి ఎప్పుడైనా లోపలికి తొంగి చూడవచ్చా, సిబ్బందిని పెట్టుకునే ముందు పోలీసు వెరిఫికేషన్ చేయించారా, ఫిర్యాదు ఎవరికి చెయ్యాలో గోడ మీద రాసి ఉందా అన్నవి ఒక్క సందర్శనలో తెలిసిపోతాయి. లైంగిక వేధింపు జరిగినట్టు తెలిసి పోలీసులకు చెప్పకపోవడం పోక్సో చట్టం 2012 కింద నేరమని కార్యవర్గానికి తెలిసి ఉండాలి. పిల్లల ముఖాలను దాతల పక్కన నిలబెట్టి తీసిన ఫోటోలు విరివిగా పంచే సంస్థ తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి తీసుకుందో లేదో అడగడానికి మొహమాటపడవద్దు.

పరిపాలన ఖర్చు శాతం ఎందుకు నమ్మదగ్గది కాదు

ఏడాదికి 30 లక్షలు ఖర్చు చేసే ఒక కేంద్రాన్ని ఊహించుకుందాం. జీతాలు 18 లక్షలు, అద్దె 3.6 లక్షలు, పిల్లల వ్యాను 3 లక్షలు, పరికరాలు 1.2 లక్షలు, ఆడిట్, లెక్కల మనిషి కలిపి 1.2 లక్షలు, కరెంటు, ఆఫీసు 1.5 లక్షలు, విరాళాల సేకరణకు 1.5 లక్షలు. జీతాలన్నీ "సిబ్బంది ఖర్చు" అని ఒకే పద్దు కింద చూపితే, పైపైన చూసినవారికి ఈ కేంద్రం రూపాయిలో అరవై పైసలు ఉద్యోగులకే పోస్తున్నట్టు కనిపిస్తుంది. నిజానికి ఆ జీతమే థెరపీ. బియ్యం పంచే సంస్థలో బియ్యం ఖర్చు ఎలాంటిదో ఇక్కడ థెరపిస్టు జీతం అలాంటిది. ఇదే కేంద్రం జీతాలను, అద్దెను, వ్యానును, పరికరాలను "సేవా కార్యక్రమాలు" కింద చూపితే పరిపాలన ఖర్చు ఒక్కసారిగా పద్నాలుగు శాతానికి దిగిపోతుంది. రెండు చోట్లా జరిగిన పని ఒక్కటే. ఇంకొక సంస్థ, అధ్యక్షుడి మేనల్లుడికి ఇచ్చే అద్దెను కూడా సేవ కిందే రాసి, "మా పరిపాలన ఖర్చు నాలుగు శాతమే" అని వేదిక మీద ప్రకటించవచ్చు.

కాబట్టి శాతాన్ని పక్కనపెట్టి సెషన్ ఖర్చు లెక్క వేయండి. పై కేంద్రంలో నలుగురు థెరపిస్టులు రోజుకు ఆరేసి సెషన్ల చొప్పున ఏడాదిలో 250 రోజులు పనిచేస్తే 6,000 సెషన్లు, అంటే సెషన్‌కు 500 రూపాయలు. హాజరు పుస్తకం ప్రకారం పిల్లలు 70 శాతమే వచ్చారనుకుంటే 4,200 సెషన్లు, అప్పుడు సెషన్‌కు 714 రూపాయలు. ఈ సంఖ్యను మీ ఊళ్లో ప్రైవేటు థెరపిస్టు తీసుకునే రుసుముతో పోల్చి చూడవచ్చు. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. ముమ్మిడివరం, ఐ.పోలవరం, మామిడికుదురు వైపు లంక గ్రామాల పిల్లలను తీసుకొచ్చే కేంద్రానికి పంటు, పడవ, వ్యాను ఖర్చులు ఉంటాయి, గోదావరికి వరద వచ్చిన వారాల్లో హాజరు పడిపోతుంది. అలాంటి కేంద్రాన్ని రాజమహేంద్రవరం నడిబొడ్డున ఉన్న కేంద్రంతో సెషన్ ఖర్చు దగ్గర పోల్చి దండించడం అన్యాయం. వరద నెలల్లో ఇంటికి ఫోన్ చేసి తల్లి చేత వ్యాయామం చేయిస్తున్నారా అని అడగడం అంతకంటే ఉపయోగం.

లెక్కల మనిషికి, ఆడిట్‌కు, సేఫ్టీ శిక్షణకు ఖర్చు పెట్టని సంస్థను మెచ్చుకోవడం మనలో ఒక అలవాటు. నీటికి గాలి అందించే ఏరేటర్ల కరెంటు దండగ అని ఆపేసిన రొయ్యల చెరువు ఏమవుతుందో డెల్టాలో వేరే చెప్పనక్కరలేదు.

మూడు పట్టికల్లో ఏది ఏం చెబుతుంది

సంస్థలు సాధారణంగా చూపేది జమ-చెల్లింపుల పట్టిక. అందులో చేతికి వచ్చిన నగదు, చేతి నుంచి వెళ్లిన నగదు మాత్రమే ఉంటాయి. మూడు నెలల జీతం బాకీ పడితే అది అక్కడ కనిపించదు, పైగా ఖర్చు తగ్గినట్టు కనిపిస్తుంది. బాకీలను కూడా లెక్కలోకి తీసుకునే ఆదాయ-వ్యయ ఖాతాతో పాటు బ్యాలెన్స్ షీట్ కూడా అడగాలి. బ్యాలెన్స్ షీట్‌లో అప్పుల వైపు "చెల్లించవలసిన జీతాలు", "చెల్లించవలసిన పీఎఫ్", "ట్రస్టీల నుంచి అప్పు" అన్న పద్దులను, ఆస్తుల వైపు "అడ్వాన్సులు" అన్న పద్దును నెమ్మదిగా చదవండి. ఎవరికి ఇచ్చిన అడ్వాన్సో చెప్పకుండా ఏటేటా అలాగే కొనసాగే మొత్తం ఉంటే, నా అనుభవంలో తర్వాత అడగవలసిన ప్రశ్నలన్నీ అక్కడి నుంచే పుడతాయి.

మరో పక్క, బ్యాంకులో పదిహేను లక్షలు ఉన్నాయని చూసి "వీళ్లకు మన డబ్బు ఎందుకు" అనుకోవడం కూడా తొందరపాటే. నెలకు రెండున్నర లక్షలు ఖర్చయ్యే కేంద్రానికి అది ఆరు నెలల నిల్వ. పన్ను మినహాయింపు ఉన్న సంస్థ ఆ ఏటి ఆదాయంలో 85 శాతం ఆశయాల కోసం వినియోగించాలి, మిగిలిన 15 శాతాన్ని షరతులు లేకుండా ఉంచుకోవచ్చు. ఆ దారిలో ఆరు నెలల నిల్వ కూడబెట్టడానికి మూడు, నాలుగేళ్లు పడుతుంది. నిల్వ ఉన్నదాన్ని జాగ్రత్తగా నడిచే సంస్థగానే చూడాలి. అయితే ఏడాదిన్నర ఖర్చుకు మించిన నిల్వ ఉండి, మరోపక్క పిల్లల వెయిటింగ్ లిస్టు కూడా పొడవుగా ఉంటే, ఎందుకని అడిగే హక్కు దాతకు ఉంటుంది.

ఆదాయం ఎక్కడి నుంచి వస్తోందో కూడా చూడాలి. మొదటి ముగ్గురు దాతలే సగం ఇస్తున్నారా? పశ్చిమ డెల్టాలో దాతలు ఎక్కువగా ఆక్వా రంగంవారే. 2025 ఆగస్టులో అమెరికా భారత సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు రొయ్యల రైతులకు, ఎగుమతిదారులకు తగిలిన దెబ్బ వారి విరాళాల మీద ఆధారపడిన సంస్థలకూ తగలకుండా పోదు. రుసుముల వాటా ఎనభై శాతం దాటిన చోట అది దాదాపు ఒక క్లినిక్. క్లినిక్ కావడం తప్పేమీ కాదు, కానీ ఎంతమంది పిల్లలకు రుసుము మాఫీ చేశారో సంఖ్య అడగాలి.

ఆడిటర్ సంతకం కింద యూడీఐఎన్ అనే, అంకెలు అక్షరాలు కలిపి 18 స్థానాల పత్రం గుర్తింపు నంబరు ఉంటుంది. చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ పోర్టల్‌లో ఆ నంబరు కొట్టి పత్రం నిజమైనదో కాదో ఎవరైనా సరిచూడవచ్చు. ఆడిట్ నివేదికకు సాధారణ గడువు సెప్టెంబరు 30. అందుకే సంక్రాంతి నాటికి అంతకుముందు మార్చితో ముగిసిన ఏడాది లెక్కలు ఇంకా సిద్ధం కాలేదనే జవాబు నచ్చదగ్గది కాదు.

తల్లిదండ్రుల సొసైటీ

ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద కనీసం ఏడుగురితో ఇది ఏర్పడుతుంది. ఏటా సర్వసభ్య సమావేశం జరిపి, కార్యవర్గ జాబితాను రిజిస్ట్రారుకు దాఖలు చేయాలి. చాలా సొసైటీలు మొదటి రెండేళ్ల తర్వాత ఈ పనే మరిచిపోతాయి కనుక, చివరిగా దాఖలు చేసిన జాబితా నకలు అడగడం తేలికైన, పదునైన పరీక్ష. యానాం పుదుచ్చేరి పరిధిలో ఉంది కాబట్టి అక్కడి సొసైటీకి ఈ 2001 చట్టం వర్తించదన్నది పక్క ఊళ్లవారు మరిచిపోయే విషయం.

ఈ రకం బలం ఏమిటంటే, పిల్లవాడికి పని జరుగుతోందో లేదో కార్యవర్గానికి ఇంట్లోనే తెలుస్తుంది. థెరపిస్టు రాకపోతే అదే రోజు ఫోను మోగుతుంది. బలహీనత కూడా అక్కడి నుంచే వస్తుంది: నిర్ణయం తీసుకునేవారే లబ్ధిదారులు. రుసుము ఎంత ఉండాలి, ఏ పిల్లవాడికి వారానికి ఎన్ని సెషన్లు ఇవ్వాలి, కొత్తగా వచ్చిన పేద కుటుంబానికి చోటు ఎప్పుడు ఇవ్వాలి అన్నప్పుడు వారి ప్రయోజనం అడ్డు రావచ్చు. కార్యవర్గంలో, కేంద్రంలో తమ పిల్లలు లేని బయటివారు ఇద్దరు ముగ్గురు, వీలైతే ఒక రిటైర్డు బ్యాంకు అధికారి, ఒక శిశువైద్యుడు ఉంటే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. మరొక సంగతి, పిల్లలు పెద్దవారయ్యాక తల్లిదండ్రుల ఆసక్తి పిల్లల థెరపీ నుంచి ఉపాధి వైపు, నివాసం వైపు మళ్లుతుంది. అది సహజమే. చిన్నపిల్లల కేంద్రం కోసమే ఇస్తున్నవారు మాత్రం రాబోయే మూడేళ్ల ఆలోచన ఏమిటో కనుక్కోవాలి.

కుటుంబ ట్రస్టు

డెల్టాలో దాతృత్వం ఎక్కువగా నడిచేది ఈ దారిలోనే, ఎక్కువ జాగ్రత్త కావలసింది కూడా ఇక్కడే. సబ్ రిజిస్ట్రారు దగ్గర డీడ్ రిజిస్టర్ చేసుకుంటే ట్రస్టు ఏర్పడుతుంది. ధర్మకర్తలను ఎవరు నియమిస్తారు, ఎంతకాలం ఉంటారు, ఎవరిని ఎలా తొలగించవచ్చు అన్నదంతా ఆ డీడ్‌లో రాసుకున్నదే. ఎన్నికలుండవు, సభ్యులుండరు. వ్యవస్థాపకుడు జీవించి ఉన్నంతకాలం ఆయన నిబద్ధతే సంస్థకు ఊపిరి, ఆ తర్వాత పిల్లలకు ఆ శ్రద్ధ ఉంటుందో లేదో ఎవరూ చెప్పలేరు. డీడ్ నకలు అడిగి రెండు క్లాజులు చదవండి: వారసత్వంగా ధర్మకర్తృత్వం, ట్రస్టు ముగిస్తే ఆస్తి ఎవరికి చెందాలన్నది.

అన్నిటికన్నా ముఖ్యం భవనం. కుటుంబం తమ ఇంటినో గోడౌన్‌నో "ఉచితంగా" ఇచ్చింది అంటారు. దాతల డబ్బుతో దానికి టైల్సు, ర్యాంపు, సెన్సరీ గది, పై అంతస్తు కట్టిస్తారు. స్థలం ఇప్పటికీ కుటుంబ సభ్యుడి పేరునే ఉంటే, రేపు ట్రస్టు ఆగిపోయిన నాడు ఆ కట్టడమంతా ఆయనకే మిగులుతుంది. దురుద్దేశం అవసరం లేదు, అన్నదమ్ముల పంపకం చాలు. పొలం కొన్నవారందరికీ తెలిసిన పనే ఇక్కడా చేయాలి: ఈసీ (ఆస్తి లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించి ఆస్తి ఎవరి పేరున ఉందో చూడండి. ట్రస్టు పేరున లేకపోతే కనీసం దీర్ఘకాలిక రిజిస్టర్డ్ లీజు ఉండాలి. అదీ లేకపోతే భవనానికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకుండా, జీతాలకే ఇవ్వండి. అద్దె తీసుకుంటున్నట్టయితే అదే వీధిలో పక్క భవనం అద్దె ఎంతో వాకబు చేయడం అరపూట పని.

ఇంత చెప్పాక ఒక మాట ట్రస్టుల పక్షాన కూడా చెప్పాలి. జీతాలు బాకీ పడ్డ నెలలో తన జేబులోంచి చెల్లించేది చాలాసార్లు ఈ కుటుంబాలే. బ్యాలెన్స్ షీట్‌లో "ట్రస్టీ నుంచి అప్పు, వడ్డీ లేదు" అని కనిపిస్తే అది అనుమానించదగ్గదే కానక్కరలేదు. వడ్డీ ఉందా, తిరిగి ఎప్పుడు తీసుకుంటారో తీర్మానం ఉందా అని చూస్తే చాలు.

సెక్షన్ 8 కంపెనీ

కంపెనీల చట్టం 2013 కింద లాభాపేక్ష లేకుండా ఏర్పడే ఈ రకంలో దాతకు ఉన్న ప్రధాన సౌలభ్యం పారదర్శకత. ఆడిట్ తప్పనిసరి, వార్షిక లెక్కలు, డైరెక్టర్ల వివరాలు కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో దాఖలు చేయాలి, వంద రూపాయల రుసుముతో ఎవరైనా చూడవచ్చు. సంస్థను అడగకుండానే చూడగలగడం మొహమాటస్తులకు పెద్ద వరం. లోపం ఏమిటంటే ఇద్దరు ముగ్గురు డైరెక్టర్లతో నడిచే కంపెనీలో వారే థెరపిస్టులుగా జీతం తీసుకుంటూ ఉంటారు. తమ జీతాన్ని తామే నిర్ణయించుకునే పరిస్థితి లేకుండా జీతం తీసుకోని డైరెక్టర్లు ఉన్నారా అని చూడండి. అదే వ్యక్తి పక్క వీధిలో సొంత క్లినిక్ నడుపుతుంటే, డబ్బున్న పిల్లలు అటు, పేద పిల్లలు ఇటు వెళ్తున్నారా, పరికరాలు ఎవరివి, సమయం ఎలా పంచుకుంటున్నారన్నది కాగితం మీద ఉండాలి.

పెద్ద సంస్థ స్థానిక శాఖ

పద్ధతులు, శిక్షణ, పిల్లల భద్రతా విధానం ఇక్కడ మిగతావాటికన్నా మెరుగ్గా ఉండే అవకాశం ఎక్కువ. విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ సాధారణంగా ఉంటుంది, 2020 సవరణ తర్వాత విదేశీ నిధుల్లో పరిపాలనకు 20 శాతం మించకూడదన్న పరిమితి కూడా ఉంది. కానీ ప్రచురితమైన లెక్కలు దేశం మొత్తానివి. తణుకు కేంద్రానికి ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అన్నది అందులో దొరకదు, విడిగా అడగాలి. నిర్ణయం ఇక్కడివారి చేతిలో ఉండదు. ఒక కంపెనీ సీఎస్ఆర్ (చట్టప్రకారం సామాజిక సేవకు ఇచ్చే) నిధుల మీద మొదలైన శాఖ ఆ ప్రాజెక్టు గడువు ముగియగానే మూతపడవచ్చు. అందుకే ఈ కేంద్రానికి ప్రస్తుతం ఎవరి నిధులు, ఎప్పటి వరకు, ఆ తర్వాత పిల్లల సంగతేమిటి అన్న ప్రశ్నకు ప్రధాన కార్యాలయం నుంచి రాతపూర్వక జవాబు కోరండి.

| అంశం | తల్లిదండ్రుల సొసైటీ | కుటుంబ ట్రస్టు | సెక్షన్ 8 కంపెనీ | పెద్ద సంస్థ శాఖ |
|---|---|---|---|---|
| పాలకులు ఎలా వస్తారు | సభ్యుల ఎన్నిక | డీడ్ ప్రకారం నియామకం | వాటాదారులు, డైరెక్టర్లు | ప్రధాన కార్యాలయ బోర్డు |
| లెక్కలు చూసే దారి | సంస్థను అడగాలి, రిజిస్ట్రారు దగ్గర దాఖలాలు | సంస్థ దయ మీద ఆధారం | కంపెనీ వ్యవహారాల పోర్టల్ | వార్షిక నివేదిక, కేంద్రం లెక్క విడిగా అడగాలి |
| ముందు చూడవలసింది | స్వప్రయోజనం, ఆగిపోయిన దాఖలాలు | భవనం, అద్దె, వారసత్వం | డైరెక్టర్ల జీతం, సొంత క్లినిక్ | ప్రాజెక్టు గడువు |
| డబ్బు ఆగే ప్రమాదం | ఎక్కువ | వ్యవస్థాపకుడు ఉన్నంతకాలం తక్కువ | మధ్యస్థం | గడువు వరకు తక్కువ |
| దాత మాట చెల్లుబాటు | సభ్యత్వం తీసుకుంటే ఎక్కువ | కుటుంబం వినేంత | పరిమితం | తక్కువ |

మీరు ఎవరో దాన్ని బట్టి

ఏడాదికి అయిదు నుంచి ఇరవై వేలు ఇచ్చే ఉద్యోగి, వ్యాపారి పై పరీక్షలన్నీ చేయనక్కరలేదు. దగ్గరలో ఉండి, ఎప్పుడైనా వెళ్లి చూడగలిగిన సొసైటీయో ట్రస్టో ఎంచుకుని, బ్యాలెన్స్ షీట్, కార్యవర్గ జాబితా, వికలాంగుల చట్టం కింద సర్టిఫికెట్ అనే మూడు కాగితాలు చూస్తే సరిపోతుంది. రెండు వేలకు మించి నగదుగా ఇస్తే 80జి వర్తించదు. పాత పన్ను విధానంలో ఉన్నవారికి సాధారణంగా విరాళంలో సగం మేర, ఆదాయంలో పది శాతం పరిమితికి లోబడి, తగ్గింపు దొరుకుతుంది. కొత్త విధానంలో ఉన్నవారికి ఆ తగ్గింపు లేదు. అయినా 10బిఇ సర్టిఫికెట్ అడగండి, ఎందుకంటే మీ పేరున అది వచ్చిందంటే సంస్థ మీ విరాళాన్ని పన్ను శాఖకు తెలిపిందని అర్థం.

అమ్మానాన్నల పేరిట ఒకేసారి పెద్ద మొత్తం ఇవ్వదలచిన కుటుంబాలకు పలక మీద పేరు చెక్కించుకోగల భవనం మీద మనసు పోవడం సహజం. నా సలహా మాత్రం ఒక థెరపిస్టు జీతాన్ని మూడేళ్ల పాటు భరించడమే. పేరు ఆ ఉద్యోగానికి పెట్టుకోవచ్చు. అసలు కదపకుండా వడ్డీ మాత్రమే వాడుకునే మూలనిధిగా ఇవ్వాలనుకుంటే ఆ మాట లేఖలో స్పష్టంగా రాయాలి, వడ్డీ దేనికి వాడాలో కూడా రాయాలి. ఈ వర్గానికి స్వతంత్ర ధర్మకర్తలున్న ట్రస్టు గానీ, సెక్షన్ 8 కంపెనీ గానీ నప్పుతుంది. ఎన్నికలతో కార్యవర్గం మారే సొసైటీకి మూలనిధి ఇవ్వడం కొంచెం సాహసమే.

విదేశాల్లో ఉన్నవారు ముందు తమ పాస్‌పోర్టు చూసుకోవాలి. భారత పాస్‌పోర్టుతో అమెరికాలోనో గల్ఫ్‌లోనో పనిచేస్తున్నవారు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారిది, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా సరే, విదేశీ విరాళమే. దాన్ని రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాకే పంపాలి. అలా అందుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకు బదలాయించడం 2020 నుంచి నిషిద్ధం, కాబట్టి "పెద్ద సంస్థకు పంపితే వాళ్లు మన ఊరి సొసైటీకి ఇస్తారు" అన్న ఏర్పాటు కుదరదు. తమ్ముడి ఖాతాకు పంపి అతని పేరిట ఇప్పించడం సొసైటీనే చిక్కుల్లోకి నెడుతుంది. ఈ వర్గంవారికి ఆచరణలో మిగిలేవి పెద్ద సంస్థ శాఖ, లేదా ఆ రిజిస్ట్రేషన్ ఉన్న కొద్దిపాటి స్థానిక సంస్థలు.

నికర లాభం అయిదు కోట్లు దాటిన రైసు మిల్లు కంపెనీలు, ఎగుమతి కంపెనీలు సీఎస్ఆర్ బాధ్యత కింద ఇస్తాయి. స్వీకరించే సంస్థకు కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్ఆర్-1 నమోదు ఉండాలి. ఇక్కడ నా తూకం సెక్షన్ 8 కంపెనీ వైపు మొగ్గుతుంది, దాఖలాల అలవాటు దానికి ముందే ఉంటుంది కనుక.

పిల్లవాడికి థెరపీ ఇప్పిస్తూ, విరాళం కూడా ఇవ్వగలిగిన తల్లిదండ్రులు సొసైటీలో సభ్యత్వం తీసుకుని సర్వసభ్య సమావేశంలో కూర్చోవడం పదివేల విరాళం కన్నా విలువైనది.

ఇచ్చే పద్ధతి

ఎంచుకున్నాక కూడా మొత్తం ఒకేసారి ఇవ్వకండి. మొదటి ఏడాది మూడో వంతు ఇచ్చి, డబ్బు దేనికోసమో రెండు వాక్యాల లేఖ జత చేసి, ఆ ఏడాది సెషన్ల సంఖ్య, వెళ్లిపోయిన థెరపిస్టుల సంఖ్య, ఆడిట్ లెక్కలు అందాక రెండో విడత ఇస్తానని ముందే చెప్పండి. థెరపిస్టులు ఎందుకు మానేశారో కార్యదర్శిని కాకుండా థెరపిస్టులనే అడగగలిగితే మరీ మంచిది. ఆటిజాన్ని పూర్తిగా నయం చేస్తామని ఎవరైనా మాట ఇస్తే, ఆ సంస్థ లెక్కలు చూడవలసిన పని లేదు. విరాళం ఇచ్చిన ఆర్థిక సంవత్సరం ముగిశాక సంస్థ మే 31 లోపు దాతల వివరాలను పన్ను శాఖకు దాఖలు చేయాలి. జూన్ మొదటి వారంలో 10బిఇ రాకపోతే ఫోన్ చేయండి, అప్పుడు ఫోను ఎత్తేది ఎవరు, ఎంత త్వరగా పంపారు అన్నది రెండో విడత నిర్ణయానికి పనికొస్తుంది.